అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో నగలు వేసే ముందు

బెంగళూరు మారతహళ్లిలో చాలా అపార్ట్‌మెంట్ల లాగే మాకూ బోరు నీళ్లే. అవి ఈ క్లీనర్‌లో (నీళ్లలో ధ్వని కంపనాలతో మురికి వదిలించే చిన్న మెషిన్) పోస్తే దాని ట్యాంకులో తెల్లటి చారలు కడతాయి. ఆర్వో నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ చాలు.

• స్పిరిట్, పెట్రోల్, థిన్నర్ అసలు పోయకండి. ఆవిరికి నిప్పంటుకుంటుంది.

• నీళ్లు నింపేటప్పుడు, పారబోసేటప్పుడు ప్లగ్ తీసేయాలి. ఖాళీ ట్యాంకుతో స్విచ్ వేస్తే మెషిన్ పాడవుతుంది.

• అసలు టెన్షన్ రాళ్లతోనే. ముత్యాలు, పగడాలు వద్దే వద్దు. పచ్చల్లో సన్నటి పగుళ్లు కనబడకుండా నూనె పట్టిస్తారు. ఇందులో వేస్తే ఆ నూనె పోయి పగుళ్లు బయటపడొచ్చు, రాయే విరగొచ్చు. గాజు నింపిన కెంపులు, లోపల లక్క ఉన్న కుందన్ నగలు, దారానికి గుచ్చిన దండలు కూడా పక్కన పెట్టండి. అత్తయ్యగారి పచ్చల నెక్లెస్ నేను వేయనివ్వలేదు. ఆవిడ ఇంకా అలిగే ఉన్నారు.

• ఉంగరాన్ని చెవి దగ్గర ఆడించండి. టకటకమంటే రాయి వదులైనట్టే, ముందు కంసాలికి చూపించండి.

• నగ అడుగుకు తగలకుండా బుట్టలోనే పెట్టాలి. మెషిన్ నడుస్తుండగా వేలు ముంచకండి.

• మొదటిసారి 3 నిమిషాలు చాలు.

• పారబోసే ముందు సింకులో కింద గిన్నె, దాని పైన టీ వడగట్టు పెట్టండి. రాయి ఏదైనా ఊడి ఉంటే అందులో దొరుకుతుంది.