పిల్ల పైలట్ అవుతానంటోంది, ఇంట్లోవాళ్లు నసుగుతున్నారు. ఏం చేయాలి?

మా అక్క కూతురు పదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం భోజనాల దగ్గర "నేను పైలట్ అవుతా" అంది. ఎవరూ వద్దనలేదు. బావగారు "చూద్దాంలే" అన్నారు, అక్క ఇంకో గరిటె పప్పు వేసింది, బావగారి అమ్మగారు మాత్రం "దీన్ని ఎవడు చేసుకుంటాడమ్మా" అని నా వైపు చూశారు, నేనేదో నూరిపోసినట్టు.

మన ఇళ్లలో గట్టిగా వద్దనేవాళ్లు తక్కువ, చూద్దాం అంటూనే ఏడాది గడుస్తుంది. ఈలోపు దగ్గర్లో ఉందనో, ఫీజు తగ్గించారనో ఏదో కాలేజీలో బైపీసీలో చేర్చేస్తారు, పని అయిపోతుంది. అందుకే పిన్నిగానో మేనమామగానో మీరు సాయం చేయాలనుకుంటే ఉపన్యాసాలు పక్కనపెట్టి ముందు ఇంటర్ గ్రూపు దగ్గర కాపు కాయండి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి ఇంటర్ స్థాయిలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. ఎంపీసీ ఇప్పిస్తే రేపు మనసు మారినా ఇంజనీరింగ్ ఎలాగూ ఉంటుంది, తండ్రులకి ఈ ఒక్క మాట బాగా పనిచేస్తుంది. ఇప్పటికే బైపీసీలో ఉంటే ఓపెన్ స్కూల్ ద్వారా మ్యాథ్స్ విడిగా రాసేవాళ్లున్నారు, కంగారు పడకండి.

తర్వాత డబ్బు మాట ఎత్తకముందే ఆరోగ్య పరీక్ష. పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల దగ్గర ముందు క్లాస్ 2 మెడికల్, ఆ తర్వాత క్లాస్ 1 చేయించాలి. ఎప్పుడైనా చేయించవచ్చులే అని ఫీజు కట్టేశాక ఇక్కడ ఆగిపోయినవాళ్లు ఉన్నారు. కళ్లజోడు ఉంటే పైలట్ కాలేరన్నది అపోహే, అద్దాలతో చూపు సరిగ్గా ఉంటే సివిల్ ఫ్లయింగ్‌కి ఒప్పుకుంటారు. రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం గట్టి చిక్కే. మేం ముందుగా మామూలు కంటి డాక్టర్ దగ్గరికే వెళ్లాం. రంగు చుక్కల మధ్య అంకెలు దాచిన పుస్తకం ఒకటి ఉంటుంది కదా, పిల్ల పేజీ తిప్పడమే ఆలస్యం టకటకా చదివేస్తోంది, వెనక నిలబడ్డ బావగారు కూడా వంగి "డెబ్బై నాలుగు... అవునా?" అంటూ చదవడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి ఆయన "చూద్దాం" అనడం తగ్గించి లెక్కలు అడగడం మొదలుపెట్టారు.

లెక్కలు దాచకండి. నోటుపుస్తకం తీసి ఆయన ముందే రాయండి. లైసెన్సుకి 200 గంటల ఫ్లయింగ్, ఖర్చు దాదాపు 50 లక్షలు, ఆపైన కూడా. ఉద్యోగానికి ముందు ఒక రకం విమానం మీద ప్రత్యేకంగా తీసుకునే శిక్షణకి, దాన్నే టైప్ రేటింగ్ అంటారు, ఇంకో పదిహేను లక్షల దాకా కావొచ్చు. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా తాకట్టు అడుగుతాయి, అంటే ఇల్లో పొలమో పెట్టాలి. లైసెన్సు వచ్చాక కూడా ఉద్యోగం కోసం ఏడాది రెండేళ్లు ఎదురుచూసేవాళ్లున్నారని చెప్పండి. ఇవన్నీ మీరే ముందు చెబితే మీ మాట నమ్ముతారు, లేకపోతే ఎవరో పక్కింటాయన చెప్పి మీ పరువు తీస్తాడు.

అంత పెట్టలేని ఇల్లయితే, చాలా ఇళ్లు అంతే, ఎన్‌డీఏ ఉంది, అంటే ఇంటర్ తర్వాత సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అధికారులుగా శిక్షణ ఇచ్చే అకాడమీ. 2021లో సుప్రీంకోర్టు ఉత్తర్వు తర్వాత అమ్మాయిలూ ఆ పరీక్ష రాస్తున్నారు. 2025 మే నెలలో మొదటి బ్యాచ్ అమ్మాయిలు 17 మంది బయటికొచ్చారు. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, అమ్మాయిలకి దరఖాస్తు ఫీజు లేదు, శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600, ఆపైన సైనిక ఎంపిక బోర్డు (ఎస్‌ఎస్‌బీ) పెట్టే అయిదు రోజుల ఇంటర్వ్యూ. పేపర్ ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం పిల్ల అయితే ఇంటర్ మొదటి ఏడాది నుంచే ఇంగ్లిష్ పేపర్ చదివే అలవాటు చేయాలి. ఎయిర్‌ఫోర్స్‌లో ఎగిరే బ్రాంచికి ఎత్తు, చూపు నిబంధనలు కఠినం, ముందే కొలిచి చూసుకోండి. 2016లో దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు మన హైదరాబాద్ పక్కన దుండిగల్‌లోనే కమిషన్ అందుకున్నారు.

ఇక పెద్దావిడ, అదే బావగారి అమ్మగారు. పెళ్లి గురించి ఆవిడతో వాదించి నేను ఒక సంక్రాంతి పాడుచేసుకున్నాను, మీరు ఆ పని చేయకండి. ఆవిడ భయం పెళ్లి కాదని చాలా ఆలస్యంగా అర్థమైంది. "రాత్రి రెండింటికి దిగితే ఇంటికి ఎలా వస్తుంది?" అన్నది అసలు ప్రశ్న. ఎయిర్‌లైన్స్ వాళ్లే కారు పంపి ఇంటి దగ్గర దింపుతారని చెప్పాక కాస్త ఊపిరి పీల్చుకున్నారు. ఇంకోటి, 1936లో సరళా ఠక్రాల్ అనే ఆవిడ 21 ఏళ్ల వయసులో, ఇంట్లో నాలుగేళ్ల పాప ఉండగా, చీర కట్టుకుని విమానం నడిపి లైసెన్సు తెచ్చుకున్నారని చెబితే "చీరతోనా?" అని మూడుసార్లు అడిగారు. మన దేశంలో పైలట్లలో ఆడవాళ్ల వాటా ప్రపంచ సగటు కంటే ఎక్కువ అని కూడా చెప్పాను, అది ఆవిడ చెవికెక్కలేదు, చీర మాత్రం ఎక్కింది.

ఫ్లయింగ్ స్కూల్ దగ్గర తొందరపడొద్దు. మా బంధువుల అబ్బాయి ఒకడు మొత్తం ఫీజు ఒకేసారి కట్టేశాడు, తీరా చూస్తే అక్కడ ఎగిరే స్థితిలో ఉన్నది ఒక్క విమానమే, పదహారు నెలల్లో పూర్తవాల్సింది మూడేళ్లు పట్టింది. డీజీసీఏ వెబ్‌సైట్‌లో అనుమతి ఉన్న స్కూళ్ల జాబితా ఉంటుంది. అందులో ఉందో లేదో చూశాక స్వయంగా వెళ్లి ఇవాళ ఎన్ని విమానాలు ఎగురుతున్నాయి, ఇన్‌స్ట్రక్టర్లు ఎందరు, పోయిన బ్యాచ్‌కి 200 గంటలు పూర్తవడానికి ఎన్ని నెలలు పట్టింది అని అడగండి. ఆఫీసులో వాళ్లని కాదు, బయట టీ తాగుతున్న స్టూడెంట్లని. డబ్బు వాయిదాల్లోనే కట్టండి.

పిల్ల ముందు మాత్రం ఈ గొడవంతా రోజూ పెట్టకండి. "నీ కోసం ఇంత చేస్తున్నాం" అన్న మాట అసలు రానివ్వకండి, దానికి మార్కులు తగ్గిన రోజు అదే గుర్తొచ్చి నోరు మూసుకుంటుంది. అప్పుడప్పుడు విమానాల దగ్గరికి తీసుకెళ్లండి, బేగంపేటలో రెండేళ్లకోసారి వింగ్స్ ఇండియా ప్రదర్శన జరుగుతుంది, మామూలు జనాన్ని రానిచ్చే రోజులు చూసుకుని వెళ్లొచ్చు.

ఇంకో చిన్న పని, ఈ వారమే చేయాల్సింది. టెన్త్ మెమోలో, ఆధార్‌లో, తర్వాత తీసే పాస్‌పోర్టులో పేరు ఒక్కలాగే ఉందేమో చూడండి. డీజీసీఏ పరీక్షలకి ముందు కంప్యూటర్ నంబర్ అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, అప్పుడు మార్కుల మెమోలు కూడా చూస్తారు. మా పిల్లకి ఆధార్‌లో ఒక హెచ్ ఎక్కువుంది. దాని కోసం మీసేవ చుట్టూ మూడుసార్లు తిరిగాం, మూడోసారి నాతో వచ్చింది వాళ్ల నాన్నమ్మే.