పాడ్‌కాస్ట్ ఒక యాప్‌లో వినబడుతోంది, మిగతావాటిలో లేదు: ఏం చూడాలి?

"స్పాటిఫైలో వస్తోంది, ఐఫోన్ యాప్‌లో దొరకట్లేదు"

ముందు ఫీడ్ ఉందో లేదో చూడండి. ఎపిసోడ్ల పేర్లు, ఆడియో ఉన్న చోటు రాసిపెట్టిన ఆర్ఎస్ఎస్ ఫైలే ఆ ఫీడ్. ఏ యాప్ అయినా దాన్ని చదువుకోవచ్చు. 2005లో ఐట్యూన్స్‌లోకి పాడ్‌కాస్ట్‌లు వచ్చినప్పుడు యాపిల్ చదివిందీ ఇలాంటి ఫీడ్లనే. మీ షోను నేరుగా స్పాటిఫైలోనే ఎక్కించి ఉంటే, సెట్టింగుల్లో ఆర్ఎస్ఎస్ ఆఫ్‌లో ఉండవచ్చు. ఆన్ చేసి, వచ్చిన లింకును యాపిల్‌కు షోలు ఇచ్చే సైటు యాపిల్ పాడ్‌కాస్ట్స్ కనెక్ట్‌లోనూ, చాలా యాప్‌లు చూసే ఉమ్మడి జాబితా పాడ్‌కాస్ట్ ఇండెక్స్‌లోనూ ఇవ్వండి. యాపిల్ తిప్పి పంపితే కవర్ బొమ్మ కొలత చూడండి: చదరంగా, 1400 నుంచి 3000 పిక్సెళ్ల లోపు ఉండాలి.

యూట్యూబ్‌లో మాత్రమే పెట్టినవాళ్లకు ఇది సరిపోదు. ఆడియోను వేరే హోస్టింగ్‌లో (ఆడియో ఫైళ్లు దాచి, ఫీడ్ తయారుచేసి ఇచ్చే సేవలో) పెట్టి, ఫీడ్ అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఆ ఫీడ్‌ను యూట్యూబ్‌కూ ఇవ్వొచ్చు గానీ, అది ఆడియోను కాపీ చేసుకుంటుంది. తర్వాత మీరు తప్పు సరిదిద్దినా అక్కడ దానంతట అది మారదు, మళ్లీ ఎక్కించాలి.

"హోస్టింగ్ మార్చాక శ్రోతలు మాయమయ్యారు"

అన్నిట్లోకీ బాధపెట్టేది ఇదే. నేను ఒకసారి పాత ఖాతా ముందే మూసేశాను. సబ్‌స్క్రైబ్ చేసినవాళ్ల యాప్‌లు పాత చిరునామానే తడుతూ ఉండిపోయాయి, కొత్త ఎపిసోడ్లు వాళ్లకు చేరనే లేదు. వాళ్లకు చెప్పుకునే దారి కూడా లేదు, ఎందుకంటే ఫీడ్ పెట్టినవాళ్లకు శ్రోతల ఈమెయిళ్లు తెలియవు.

మూసే ముందే పాత హోస్టింగ్ సంస్థ చేత 301 రీడైరెక్ట్, అంటే పాత చిరునామాకు వచ్చిన యాప్‌లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు, పెట్టించండి. కొత్త ఫీడ్‌లో కొత్త చిరునామా చెప్పే ఐట్యూన్స్ ట్యాగ్ చేర్చండి. ఈ రెండింటినీ యాపిల్ కనీసం నాలుగు వారాలు ఉంచమంటుంది, నేనైతే ఏడాది ఉంచుతాను. కొన్ని సంస్థలు రీడైరెక్ట్ ఇవ్వవు, ఆ మాట చేరేముందే అడగండి. వీలైతే ఫీడ్‌ను మీ సొంత డొమైన్ మీద పెట్టుకోండి. అప్పుడు హోస్టింగ్ ఎన్నిసార్లు మారినా శ్రోత దగ్గరున్న చిరునామా మారదు.

"పాత ఎపిసోడ్లన్నీ మళ్లీ కొత్తవిగా వచ్చిపడ్డాయి"

ఫీడ్‌లో ప్రతి ఎపిసోడ్‌కూ విడిగా ఉండే జీయూఐడీ గుర్తు మారిపోయింది, అందుకే యాప్‌లు వాటిని కొత్తవనుకున్నాయి. పాత గుర్తులతోనే మళ్లీ ఇంపోర్ట్ చేయించండి.

"గూగుల్ పాడ్‌కాస్ట్స్‌లో వినేవాళ్లు ఏమయ్యారు?"

ఆ యాప్ 2024లో మూతపడింది, మీ ఫీడ్ మూతపడలేదు. యాంటెన్నాపాడ్ లాంటి యాప్‌లో ఆ లింకు అతికిస్తే పాత ఎపిసోడ్లతో సహా వచ్చేస్తుంది. అందుకే షో వివరాల్లో యాప్‌ల లింకుల పక్కన ఫీడ్ లింకు కూడా పెట్టండి.