కీబోర్డ్‌పై జాజ్ పియానిస్ట్ థెలోనియస్ మాంక్ శైలి ఎలా పట్టుకోవాలి?

పియానో ఉంటే మంచిది. లేదంటే, వేలి బలాన్ని బట్టి గట్టిగానో మెల్లగానో పలికే కీబోర్డ్ చాలు. స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

‘బ్లూ మాంక్’తో మొదలుపెట్టండి. మాంక్ 1954లో రికార్డు చేసిన బ్లూస్ ఇది, బి ఫ్లాట్‌లో 12 బార్లు (తాళావర్తనాలు). ట్యూన్ ఎక్కువగా పక్కపక్క మెట్ల మీదే నడుస్తుంది కాబట్టి కుడిచేతికి తొందరగానే వస్తుంది. ఎడమచేతికి నిండు కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాలు) వద్దు. బి ఫ్లాట్ సెవెన్త్‌కి కింద బి ఫ్లాట్, పైన ఎ ఫ్లాట్, అంతే. మిగతా కార్డులకూ మూలస్వరం, ఏడోది చాలు.

అందరూ పాడుచేసేది ఆ తర్వాతే. మాంక్ అంటే తప్పు స్వరాలు అనుకుని, ఎక్కడపడితే అక్కడ రెండు మెట్లు కలిపి బాదుతారు. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్టు పియానోలో స్వరాన్ని వంచలేం. అందుకే ఆయన పక్కపక్క మెట్లు రెండూ ఒకేసారి కొట్టి, ఒకటి వదిలేసేవారు. చెవికి స్వరం వంగినట్టే ఉంటుంది.

ఇ, ఎఫ్ కలిపి కొట్టండి. వెంటనే ఇ వదలండి, ఎఫ్ నిలవాలి. ఇ ముందు పడితే అది మామూలు గ్రేస్ నోట్, అంటే అసలు స్వరానికి ముందు తగిలించే చిన్న స్వరం. ఆలస్యంగా వదిలితే ఉత్త గోల. సస్టెయిన్ పెడల్ మీద కాలుంటే వదిలిన స్వరం కూడా మోగుతూనే ఉంటుంది, కాబట్టి కాలు తీసేయండి. మాంక్‌లా వేళ్లు చాపి, గట్టిగా కొట్టండి. భయంభయంగా నొక్కితే నిజంగానే తప్పులా వినిపిస్తుంది. 12 బార్లలో రెండుసార్లకు మించి వాడొద్దు. పిచ్ బెండ్‌తో ఇదంతా సులువే కదా అంటారు. దానితో స్వరం జారుతుంది, అంతే. రెండు స్వరాలు ఒరుసుకునే ఆ ధ్వని రాదు, ఈ శైలికి ప్రాణం అదే.

ఆయనకు పియానో సరిగా రాదనేవాళ్లు ఆయన సోలో రికార్డులు వినాలి. ఎడమచేతిలో హార్లెమ్ స్ట్రైడ్ (కింది స్వరానికీ పైన కార్డుకీ మధ్య చేయి గెంతే పద్ధతి) ఎంత నిక్కచ్చిగా నడుస్తుందో తెలుస్తుంది.

మీరు సొంతంగా అల్లి వాయించే సోలోలో ట్యూన్‌ను వదలకండి. అందులోంచి ఒక ముక్క వాయించి, ఒక బార్ మొత్తం రెండు చేతులూ ఆపండి. కాలితో తాళం మాత్రం తప్పకూడదు. ఇది కుదిరాక మాంక్‌దే ‘మిస్టీరియోసో’ పట్టుకోండి. అదీ బి ఫ్లాట్ బ్లూసే.