రెవిట్ (బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడల్ వేరే వెర్షన్ వాళ్లకు పంపే ముందు జాగ్రత్తలు

• అవతలి వాళ్లది ఏ సంవత్సరం వెర్షనో ముందే ఫోన్ చేసి అడగండి. 2025లో సేవ్ చేసిన ఫైల్ 2024లో తెరుచుకోదు. పాత వెర్షన్‌లోకి సేవ్ చేసే దారి రెవిట్‌లో లేదు. అన్నిటికంటే ముఖ్యం ఇదే.

• పాత వెర్షన్ ఫైల్ కొత్త వెర్షన్‌లో తెరవగానే అప్‌గ్రేడ్ అవుతున్నట్టు చిన్న విండో వస్తుంది. అనుకోకుండా తెరిచి ఉంటే కంగారు పడకండి, సేవ్ చేయకుండా మూసేయండి. అసలు ఫైల్ అలాగే ఉంటుంది.

• అప్‌గ్రేడ్ తప్పదంటే ముందు కాపీ తీసి పక్కన పెట్టండి. సెంట్రల్ ఫైల్ (టీమ్ అంతా కలిసి పనిచేసే ఉమ్మడి ఫైల్) అయితే టీమ్ అందరూ తమ మార్పులు అందులోకి సింక్ చేశాకే, ‘డిటాచ్’ (సెంట్రల్ నుంచి విడదీయడం), ‘ఆడిట్’ (ఫైల్‌లో లోపాల తనిఖీ) టిక్ పెట్టి తెరవండి. మోడల్‌కు జోడించిన స్ట్రక్చర్, ఎంఈపీ (మెకానికల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్) లింక్ ఫైళ్లనూ అప్‌గ్రేడ్ చేయాలి.

• పాత వెర్షన్ వాళ్లకు ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే ఫైల్ రకం) పంపొచ్చు. కోఆర్డినేషన్‌కు (అందరి డిజైన్లు సరిపోల్చుకోవడానికి) చాలు, ఎడిటింగ్‌కు మాత్రం పనికిరాదు.