ల్యాప్‌టాప్‌కి ర్యామ్ ఎంత పడుతుంది, మీ పనికి ఎంత కావాలి

మా అక్క కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, ల్యాప్‌టాప్ అస్సలు కదలట్లేదు. 32 జీబీ ర్యామ్ వేయించేస్తాను, సరేనా?" అంది. ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా నాలుగు వారాలే ఉందట, గొంతులోనే టెన్షన్ తెలిసిపోతోంది. "వేయిద్దువుగానిలే. ఇప్పుడు ఏమేం తెరిచి ఉన్నాయో వాటిని అలాగే ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద నొక్కి, వచ్చినదాన్ని ఫొటో తీసి పంపు" అన్నాను.

ఫొటో వచ్చింది. మొత్తం 7.8 జీబీ. 'ఇన్ యూజ్' 7.1. 'అవైలబుల్' 0.6. 'కమిటెడ్' అన్న చోట 13.4/15.8. కుడివైపు 'స్లాట్స్ యూజ్డ్' దగ్గర రెండింటిలో ఒకటి. ఎవరు అడిగినా నేను మొదట ఈ ఫొటోనే అడుగుతాను. ర్యామ్ అంటే తెరిచిన ప్రోగ్రాములు పని చేసుకునే చోటు. అది ఎంత కావాలో మీ స్క్రీనే చెబుతుంది, ఏ అంకె చూడాలో తెలియాలంతే.

చాలామంది ఎడమవైపు 'మెమరీ' కింద ఉండే శాతం చూసి కంగారు పడతారు. 70 శాతం ఉన్నా 80 శాతం ఉన్నా అదొక్కటే చూసి ఏమీ తేల్చకూడదు. ఖాళీగా ఉన్న ర్యామ్‌లో విండోస్ మీరు తరచుగా వాడే ఫైళ్లను ముందే తెచ్చి పెట్టుకుంటుంది. దాన్నే 'క్యాష్డ్' అని చూపిస్తుంది. ఏదైనా ప్రోగ్రాముకు చోటు కావలసి వస్తే ఆ భాగాన్ని అప్పటికప్పుడు వదిలేస్తుంది. కాబట్టి 'క్యాష్డ్' పెద్దగా ఉంటే మంచిదే. ర్యామ్ ఖాళీ చేస్తామని చెప్పే క్లీనర్ యాప్‌లు ఈ దాచుకున్నదాన్నే పారేస్తాయి, దాన్ని డిస్క్ నుంచి మళ్లీ చదవాల్సి వస్తుంది. దయచేసి అలాంటివి వేయకండి.

మీరు చూడాల్సింది 'అవైలబుల్', 'కమిటెడ్'. తెరిచిన ప్రోగ్రాములన్నీ కలిపి తమకు ఇంత చోటు కావాలని విండోస్ దగ్గర రాయించుకున్న మొత్తమే కమిటెడ్. గీతకు అవతలి అంకె ర్యామ్, ర్యామ్ చాలనప్పుడు వాడుకోవడానికి డిస్క్ మీద ఉండే పేజ్ ఫైల్, రెండూ కలిపి విండోస్ ఇవ్వగలిగిన గరిష్ఠం. రాయించుకున్నదంతా ప్రోగ్రాములు వాడేస్తాయని లేదు, అందుకని 13.4 అని ఉంటే కచ్చితంగా అంత ర్యామ్ ఉండి తీరాలని కాదు. కానీ ర్యామ్ 8 ఉండి, కమిటెడ్ 13 దాటి, అవైలబుల్ ఒకటికి కూడా అందకపోతే ఆ మిషన్ డిస్క్‌ని ర్యామ్‌లాగా వాడుకుంటోందని అర్థం. అది ఖాయం చేసుకోవాలంటే రిసోర్స్ మానిటర్ తెరిచి, మెమరీ ట్యాబ్‌లో 'హార్డ్ ఫాల్ట్స్' గ్రాఫ్ చూడండి. కావలసింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తేవాల్సి వచ్చినప్పుడల్లా అది లేస్తుంది. కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడు ఒకసారి లేచి పడిపోతే అది మామూలే. ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి మారిన ప్రతిసారీ వందల్లోకి లేస్తుంటే ర్యామ్ చాలట్లేదన్నమాట.

మ్యాక్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా తేలిక. యాక్టివిటీ మానిటర్‌లో 'మెమరీ ప్రెషర్' అని గ్రాఫ్ ఉంటుంది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, పసుపైతే ఇరుకైనట్టు, ఎరుపైతే చాలనట్టు. లినక్స్‌లో 'ఫ్రీ' కమాండ్ ఇచ్చినప్పుడు 'ఫ్రీ' కాలమ్ కాకుండా 'అవైలబుల్' కాలమ్ చూడాలి.

ఈ కొలతంతా ల్యాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే చేస్తే ఉపయోగం లేదు. మీ పనిలో అన్నిటికన్నా బరువైన అరగంట ఏదో ఆ అరగంటలోనే చూడాలి. మా పిల్లకైతే అది ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, అందులో ఫోన్‌లా నడిచే ఎమ్యులేటర్, నలభైకి పైగా బ్రౌజర్ ట్యాబులు, పక్కన వీడియో కాల్.

ఆ ఫొటో చూశాక సీపీయూ పేజీ కూడా పంపమన్నాను. అందులో 'అప్ టైమ్' 19 రోజులు. "అదేంటి పిన్నీ, రోజూ షట్‌డౌన్ చేస్తున్నానే!" అంది. నిజంగానే చేస్తోంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు మీ ప్రోగ్రాములు మూతపడతాయి కానీ విండోస్ లోపలి భాగం, పరికరాలను నడిపే డ్రైవర్లు ఉన్నవి ఉన్నట్టుగా డిస్క్‌లో దాచబడి, మర్నాడు అలాగే తిరిగి వస్తాయి. ఏ డ్రైవరైనా మెమరీని పట్టుకుని వదలకపోతే అదీ రోజురోజుకీ పెరుగుతూ పోతుంది. రీస్టార్ట్ చేస్తేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. రీస్టార్ట్ చేయించి, అవే ప్రోగ్రాములు, అవే ట్యాబులు తెరిపించాను. కమిటెడ్ 11.6కి దిగింది. ఆమె అసలు అవసరం అదీ. 8కి ఎక్కువ, 16లో హాయిగా సరిపోతుంది, 32 అక్కర్లేదు.

ఇక ఆ ల్యాప్‌టాప్‌కి 16 పడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఇక్కడ మూడు హద్దులుంటాయి: ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు. మూడింట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

మొదటి హద్దు సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ల కిందట నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నవి తీసేసి 4 జీబీ ర్యామ్ స్టిక్కులు, అంటే స్లాటులో గుచ్చే చిన్న పలకలు, రెండు వేశాను. ఆన్ చేస్తే 'ఇన్‌స్టాల్డ్ మెమరీ 8.00 జీబీ, 2.96 జీబీ యూజబుల్' అని చూపించింది. స్టిక్ పాడైందేమోనని రెండూ తీసి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి వేస్తూ సాయంత్రమంతా దాంతోనే గడిపాను. స్టిక్కులు బాగానే ఉన్నాయి. నాది 32-బిట్ విండోస్ 7. 32 బిట్లతో ఏర్పడే అడ్రసులు 429,49,67,296, ఒక్కోటి ఒక బైట్, మొత్తం 4 జీబీ. ఆ అడ్రసుల్లోంచే గ్రాఫిక్స్‌కీ మిగతా పరికరాలకీ కొన్ని పోతాయి కాబట్టి చివరికి మిగిలేది 3 జీబీ చుట్టుపక్కల. 64-బిట్ విండోస్ వేశాక అదే మిషన్‌లో 8 జీబీ మొత్తం వాడకంలోకి వచ్చింది. అందుకే పాత మిషన్ ఎవరు తెచ్చినా నేను ముందు సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి 'సిస్టమ్ టైప్' చూస్తాను.

64-బిట్ అయినా విండోస్ 7లో హోమ్ బేసిక్‌కి 8 జీబీ, హోమ్ ప్రీమియంకి 16 జీబీ అని హద్దులుండేవి. విండోస్ 10 హోమ్ 64-బిట్‌కి 128 జీబీ, కాబట్టి ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఈ వైపు నుంచి ఇబ్బంది రాదు. విండోస్ 11 అయితే 64-బిట్‌లోనే వస్తుంది.

రెండో హద్దు ప్రాసెసర్. దాని పూర్తి పేరు నంబరుతో సహా రాసుకుని, తయారీ సంస్థ సైట్‌లో ఆ ప్రాసెసర్ పేజీ తెరిచి, 'మ్యాక్స్ మెమరీ సైజ్' చూడండి. ఇంటెల్ సెలెరాన్ ఎన్4020 పేజీలో 8 జీబీ అని ఉంటుంది. నాలుగో తరం కోర్ ఐ5-4200యూకి 16 ఉంటుంది. ఒక్కోసారి ల్యాప్‌టాప్ మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రాసెసర్ అంకె కన్నా చిన్నది. ఆ మోడల్ వచ్చేనాటికి పెద్ద స్టిక్కులు దొరక్కపోవడం దానికి ఒక కారణం. అలాంటప్పుడు అదే మోడల్‌లో ఎవరైనా ఎక్కువ వేసి నడుపుతున్నారేమో వెతకండి, లేదా వెనక్కి తీసుకుంటామన్న చోట కొనండి.

మూడోది మదర్‌బోర్డు. మనల్ని ఎక్కువగా నిరాశపరిచేది ఇదే. చాలా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ చిప్పులను బోర్డుకే అతికించేస్తారు. యాపిల్ సొంత ఎమ్ చిప్పులతో వచ్చే మ్యాక్‌బుక్‌లన్నిట్లో కొన్న తర్వాత మార్చే వీలే లేదు. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 'ఫార్మ్ ఫ్యాక్టర్' దగ్గర 'సోడిమ్' అని ఉంటే స్లాటులో స్టిక్ ఉన్నట్టు. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించి ఉన్నట్టు. స్లాట్ల లెక్కను మాత్రం గుడ్డిగా నమ్మకండి, అతికించిన ర్యామ్‌ని కూడా కొన్ని మిషన్లు స్లాటుగానే లెక్కపెట్టి చూపిస్తాయి. సర్వీస్ మాన్యువల్ చూడడం, లేదా వెనక మూత తీసి కళ్లతో చూడడం ఉత్తమం. 2024లో థింక్‌ప్యాడ్ పీ1 జెన్ 7 ఎల్‌పీక్యామ్2 అనే కొత్తరకం మాడ్యూల్‌తో వచ్చింది. తక్కువ కరెంటు తినే ఎల్‌పీడీడీఆర్ ర్యామ్‌ని అతికించకుండా స్క్రూలతో బిగించే పద్ధతి అది. ఇది అన్ని ల్యాప్‌టాప్‌లకూ వస్తే బాగుండునని నా కోరిక.

అతికించిన ర్యామ్ ఉన్నది కొంటుంటే కొనేటప్పుడే మూడు నాలుగేళ్ల ముందుకు ఆలోచించి తీసుకోవాలి. స్లాట్ ఉన్నదైతే ఇవాళ్టి అవసరానికి తీసుకుని రేపు పెంచుకోవచ్చు.

మరి ఎంత? విండోస్ 11కి కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. 4లో అది ఎక్కుతుంది, పని మాత్రం సుఖంగా సాగదు. రాత పని, మెయిల్, పది పదిహేను ట్యాబులు, వీడియోలు చూడడం, వీటికి 8 చాలు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది 16. కోపైలట్ ప్లస్ పీసీ అని పేరు పెట్టాలంటే మైక్రోసాఫ్ట్ కనీసం 16 ఉండాలంటోంది, యాపిల్ కూడా 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రారంభ మోడల్‌ని 8 నుంచి 16కి పెంచింది. 4కే వీడియో ఎడిటింగ్, కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మిషన్లు రెండు మూడు ఒకేసారి నడపడం ఉంటే 32. అంతకు మించి కావలసినవాళ్లకు తమ కమిటెడ్ అంకె ఇప్పటికే ఆ సంగతి చెబుతూ ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. కొన్నిట్లో 8 వేసినా వాడకానికి 5.9 అని కనబడేది అందుకే, 2 జీబీ 'హార్డ్‌వేర్ రిజర్వ్డ్' కిందికి పోతుంది. అలాంటి మిషన్‌లో 8 అన్నది నిజానికి 6. కొన్నిట్లో బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ వాటా తగ్గించుకోవచ్చు.

ఇంకో మాట. మా నాన్నగారి ల్యాప్‌టాప్‌లో ఉన్నది 4 జీబీ, పాత హార్డ్ డిస్క్. ఆయన చేసేది వార్తలు చదవడం, మనవలతో వీడియో కాల్. నేను ర్యామ్ ముట్టుకోకుండా హార్డ్ డిస్క్ తీసి, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేశాను. ఆన్ చేసి మొహం కడుక్కుని వచ్చేవారల్లా ఇప్పుడు అక్కడే కూర్చుని ఉంటున్నారు, అంత త్వరగా తెరుచుకుంటోంది. మీ మిషన్‌లో ఇంకా తిరిగే డిస్క్ ఉంటే ముందు దాన్ని మార్చండి, ర్యామ్ గురించి తర్వాత చూడొచ్చు.

కొనేటప్పుడు రకం తప్పకూడదు. డీడీఆర్ పక్కనున్న అంకె ర్యామ్ తరం, సోడిమ్ అంటే ల్యాప్‌టాప్ సైజు స్టిక్. డీడీఆర్3ఎల్ సోడిమ్‌కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. స్టిక్ అంచున ఉండే గాటు ఒక్కో రకానికి ఒక్కో చోట ఉంటుంది, కాబట్టి ఒకదాని స్లాటులో ఇంకొకటి దిగదు. దిగకపోతే బలవంతం చేయకండి. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ మాత్రం చూడ్డానికి ఒకటే, గాటూ ఒకటే. మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులతో కూడా నడుస్తుంది. ఎల్ అడిగే ల్యాప్‌టాప్‌కి ఎల్ ఉన్నదే కొనాలి. వేగం వేరైన రెండు స్టిక్కులు వేస్తే రెండూ తక్కువదాని వేగంతోనే నడుస్తాయి. మా పిల్లకు ఉన్న 8కి జతగా అదే రకం, అదే వేగం 8 తెప్పించాం. సమానమైన స్టిక్కులు రెండుంటే ప్రాసెసర్ ర్యామ్‌కి ఉన్న రెండు దారుల్లోనూ ఒకేసారి చదువుతుంది, విడి గ్రాఫిక్స్ లేనివాళ్లకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

బిగించడం తనే చేసింది, నేను వీడియో కాల్‌లో ఉన్నాను. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కమన్నాను, అలా చేస్తే ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసేసింది. స్క్రూలను ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏది ఎక్కడ ఊడిందో అక్కడ పెట్టుకుంది. మూత తీశాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయించాను, తర్వాత పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టించాను. చేతిలో స్టాటిక్ లేకుండా ఒక పెద్ద లోహపు వస్తువుని తాకమన్నాను. స్టిక్‌ని అంచులతో పట్టుకుని, గాటు కుదిరేలా ఏటవాలుగా లోపలికి తోయాలి, బంగారు రంగు పిన్నులు దాదాపు కనబడనంత వరకూ. "ఇంకా గీత కనబడుతోంది పిన్నీ." "కొంచెం గట్టిగా తొయ్యి, భయపడకు." అప్పుడు పై నుంచి కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పట్టుకున్నాయి, ఆ చప్పుడు నాకూ వినబడింది.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5 ఉంటే, స్క్రీన్ ఒకటి రెండు నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. కొత్త ర్యామ్‌ని మిషన్ పరీక్షించుకుని సర్దుకుంటుంది. ఆ టైమ్‌లో ఆపేయకండి. ఎంతకీ రాకపోతే కరెంటు, బ్యాటరీ మళ్లీ తీసి, ఒక్కో స్టిక్కే వేసి చూడండి. చాలాసార్లు సరిగా కూర్చోకపోవడమే కారణం. వచ్చాక ఆ రాత్రి విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపి వదిలేయండి, కొత్త స్టిక్‌లో లోపముంటే వారంటీ ఉండగానే బయటపడుతుంది.

మర్నాడు ఎమ్యులేటర్, ట్యాబులు అన్నీ తెరిచి, నాతో కాల్‌లో ఉండగానే ఫొటో పంపింది. ఇన్ యూజ్ 10.2. అవైలబుల్ 5.5. కమిటెడ్ 12.3/18.2. హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ అడుగునే పడుకుని ఉంది.