పూల్ టోర్నీ సమయానికి ఎందుకు పూర్తవ్వదు? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పూల్ (క్యూ కర్రతో బంతుల్ని టేబుల్ జేబుల్లో వేసే ఆట) టోర్నమెంట్ ఆలస్యమైతే నిర్వాహకుల నోట మొదట వచ్చే మాట "టేబుళ్లు సరిపోలేదు" అని. చాలాసార్లు అది నిజం కాదు. సగం టేబుళ్లు ఖాళీగా పడి ఉన్న గంటల్లోనే టోర్నీ సాగిపోతుంది. ఆలస్యం ఎక్కడ పుడుతుందో మొదటి బ్రేక్ (ఆట మొదలుపెట్టే షాట్) కొట్టకముందే డ్రా కాగితం (ఎవరు ఎవరితో ఆడాలో చూపే పట్టిక) మీద కనిపిస్తుంది. అందుకే ఇక్కడ షెడ్యూల్ గురించే ఎక్కువ చెబుతున్నాను. గొడవలు, హ్యాండిక్యాప్‌లు (బలహీన ఆటగాళ్లకి ముందే ఇచ్చే లాభం) ఆ తర్వాత.

సమస్య: లెక్క ప్రకారం సాయంత్రానికి అయిపోవాలి, ఫైనల్ అయ్యేసరికి అర్ధరాత్రి అవుతోంది

మామూలుగా వేసే లెక్క ఇది. 32 మంది ఆటగాళ్లు, డబుల్ ఎలిమినేషన్. అంటే రెండుసార్లు ఓడితేనే బయటికి. ఇంకా ఓడనివాళ్లు విన్నర్స్ సైడ్‌లో, ఒకసారి ఓడినవాళ్లు లూజర్స్ సైడ్‌లో ఆడతారు. మొత్తం 62 మ్యాచ్‌లు, ఫైనల్ రెండోసారి ఆడాల్సి వస్తే 63. మ్యాచ్‌కి సగటున గంట, ఉన్నవి 8 టేబుళ్లు. 62ని 8తో భాగిస్తే ఏడు ముప్పావు గంటలు. పొద్దున పదింటికి మొదలుపెడితే సాయంత్రం ఆరుకల్లా కప్పు ఇచ్చేయొచ్చు అనిపిస్తుంది.

కారణం ఈ భాగహారంలోనే ఉంది. 8 టేబుళ్లూ చివరిదాకా నిండుగా ఉంటాయని అది అనుకుంటుంది. ఒక్కసారి డ్రా వెంట నడిచి చూడండి. మొదటి రౌండ్‌లో 16 మ్యాచ్‌లు, 8 టేబుళ్ల మీద 2 గంటలు. తర్వాత విన్నర్స్ సైడ్ రెండో రౌండ్ 8, లూజర్స్ సైడ్ మొదటి రౌండ్ 8, మళ్లీ 2 గంటలు. ఇక్కడిదాకా టేబుళ్లే అడ్డు. ఆ తర్వాత లూజర్స్ సైడ్‌లో ఇంకా ఏడు రౌండ్లు ఉంటాయి. వాటిలో వరుసగా 8, 4, 4, 2, 2, 1, 1 మ్యాచ్‌లు. ఒకటి అయితే గానీ రెండోది మొదలవ్వదు. అంటే ఏడు గంటలు, ఆపైన ఫైనల్‌కి ఒక గంట. మొత్తం 12 గంటలు. మధ్యలో మ్యాచ్‌కి మ్యాచ్‌కి పది నిమిషాలు పోయినా ఇంకో గంటా యాభై నిమిషాలు. పదింటికి మొదలైన టోర్నీ రాత్రి పన్నెండుకి పది నిమిషాల ముందు ముగుస్తుంది.

మరి టేబుళ్లు రెట్టింపు చేస్తే? ఇదే డ్రాని 16 టేబుళ్ల మీద నడిపితే 12 గంటలు 10 అవుతాయి, అంతే. ఎనిమిది టేబుళ్లు అదనంగా తెచ్చినందుకు దక్కేది రెండు గంటలు. మిగిలిన టైమంతా లూజర్స్ సైడ్ గొలుసులో ఇరుక్కుని ఉంటుంది.

పరిష్కారం మూడు చోట్ల ఉంది. మూడింట్లో నాకు బాగా నచ్చింది ఫార్మాట్ మార్చడం. చివరి 16 మంది మిగిలేదాకానే డబుల్ ఎలిమినేషన్ ఆడించి, అక్కడి నుంచి నాకౌట్ (ఒక్కసారి ఓడితే బయటికే) పెట్టండి. విన్నర్స్ సైడ్‌లో రెండు మ్యాచ్‌లూ గెలిచినవాళ్లు 8 మంది, లూజర్స్ సైడ్ నుంచి బతికి వచ్చినవాళ్లు 8 మంది. పన్నెండు గంటల టోర్నీ అవే 8 టేబుళ్ల మీద తొమ్మిది గంటలకి దిగుతుంది. ఎంట్రీ ఫీజు కట్టిన ప్రతి ఒక్కరికీ కనీసం రెండు మ్యాచ్‌లు దక్కుతాయి. ఇది చిన్న టోర్నీల కోసం కనిపెట్టిన అడ్డదారేమీ కాదు. 128 మందితో జరిగే ప్రపంచ పూల్ చాంపియన్‌షిప్ కూడా 64 మంది మిగిలేదాకా డబుల్ ఎలిమినేషన్, ఆ తర్వాత నాకౌట్ పద్ధతిలో నడిచింది.

రెండోది, లూజర్స్ సైడ్‌లో ఫ్రేమ్‌లు, అంటే మ్యాచ్‌లోని విడివిడి ఆటలు, తగ్గించడం. రేస్ టు 7 అంటే ముందుగా 7 ఫ్రేమ్‌లు గెలిచినవాళ్లదే మ్యాచ్, కాబట్టి కనీసం 7, గరిష్ఠంగా 13 ఫ్రేమ్‌లు. రేస్ టు 5 అయితే 5 నుంచి 9. ఫ్రేమ్‌కి ఐదు నిమిషాలు అనుకున్నా, హోరాహోరీగా సాగిన మ్యాచ్ 65 నిమిషాల నుంచి 45కి వస్తుంది. గొలుసులో మొదటిదాంతో కలిపి ఎనిమిది రౌండ్లు ఉన్నాయి కాబట్టి ప్రతి రౌండ్‌లో మిగిలే ఆ కాస్త టైమ్ కూడుతూ పోతుంది. అయితే ఈ మాట ఎంట్రీ ఫారం మీదే ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి ఆలస్యమైందని గుర్తొచ్చి, సగం మంది రేస్ టు 7 ఆడేశాక మిగతావాళ్లకి 5 అనడం అన్యాయం. మార్చక తప్పకపోతే కొత్త రౌండ్ మొదట్లో, ఆ రౌండ్‌లో అందరికీ ఒకేలా మార్చండి.

మూడోది, ఖాళీ అయిన టేబుల్ ఎవరికివ్వాలన్నది. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. పేరున్న ఆటగాళ్లు విన్నర్స్ సైడ్‌లో ఉంటారు, చూసేవాళ్లూ అటే ఉంటారు, కాబట్టి ఆ మ్యాచ్‌లు ముందు ఆడించేస్తారు. ఫలితంగా విన్నర్స్ సైడ్ నుంచి ఫైనల్‌కి చేరిన ఆటగాడు తన ప్రత్యర్థి తేలేదాకా గంటల తరబడి కుర్చీలో కూర్చుంటాడు. చెయ్యి చల్లబడిపోతుంది. విన్నర్స్ మూడో రౌండ్‌లో ఓడినవాళ్లు లూజర్స్ నాలుగో రౌండ్‌కి గానీ అవసరం రారు. అంటే ఆ మ్యాచ్‌లకి తొందర లేదు. రెండో రౌండ్ దాటాక ఖాళీ అయిన ప్రతి టేబుల్ ముందు లూజర్స్ సైడ్‌కే ఇవ్వండి.

సమస్య: టేబుల్ ఖాళీగా ఉంది, మ్యాచ్ మాత్రం మొదలవ్వట్లేదు

దీనికి రెండు కారణాలు. ఒకటి, ఫలితం డెస్క్‌కి చేరలేదు. 4వ టేబుల్ మీద మ్యాచ్ అయిపోయింది, ఇద్దరూ చేతులు కలుపుకున్నారు, క్యూలు విప్పి సంచిలో పెట్టుకున్నారు. ఓడిన ఆటగాడు బయటికి వెళ్లిపోయాడు. గెలిచిన ఆటగాడు స్నేహితుడి మ్యాచ్ చూడ్డానికి 7వ టేబుల్ దగ్గరికి వెళ్లాడు. డెస్క్ దగ్గర కూర్చున్న మనిషి దృష్టిలో ఆ మ్యాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఇలా పావుగంట పోతుంది, ఎవరూ తప్పు చేసినట్టు కూడా అనిపించదు.

మ్యాచ్‌కి పిలిచినప్పుడు స్కోర్ షీట్‌తో పాటు బంతుల ట్రే కూడా డెస్క్ దగ్గరే ఇవ్వండి. ట్రే తిరిగొస్తేనే మ్యాచ్ అయినట్టు. షీట్ మీద టేబుల్ నంబరు, పిలిచిన టైమ్, మొదలైన టైమ్, ముగిసిన టైమ్, స్కోరు, ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. ట్రే, షీట్ తేవాల్సిన బాధ్యత గెలిచినవాళ్లదని ముందే చెప్పండి. చాలోంజ్ (Challonge), క్యూస్కోర్, డిజిటల్‌పూల్ లాంటి టోర్నీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా ఈ కాగితం వదలకండి. తప్పుడు స్కోరు ఎక్కించారని ఎవరైనా వస్తే తేల్చేది ఆ రెండు సంతకాలే. ఆ టైమ్‌లు వచ్చే టోర్నీకి పనికొస్తాయి. మీ టేబుళ్ల మీద, మీ ఆటగాళ్లకి మ్యాచ్ నిజంగా ఎంతసేపు పడుతుందో వాటిని బట్టే తెలుస్తుంది.

రెండో కారణం, రౌండ్ మొత్తం ముగిసేదాకా ఆగడం. ఎనిమిదింట్లో ఏడు మ్యాచ్‌లు గంటలోపే అయిపోయి, ఒకటి గంటన్నర సాగితే, ఆ ఒక్కదాని కోసం ఏడు టేబుళ్లు ఆగుతాయి. సగటు లెక్క తప్పడానికి ఇదీ ఒక కారణమే, ఎందుకంటే రౌండ్ ముగిసేది అన్నిటికన్నా నెమ్మదిగా సాగిన మ్యాచ్‌తో. ఇద్దరు ప్రత్యర్థులు తేలిపోయిన మ్యాచ్‌ని వెంటనే పిలిచేయండి.

సమస్య: పేరు పిలిస్తే మనిషి లేడు

తన మ్యాచ్ ఎప్పుడో తెలియని ఆటగాడు హాల్లో ఉండడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. "కాసేపట్లో పిలుస్తాం" అనకుండా రెండు దశల్లో పిలవండి. ముందు మ్యాచ్‌లో ఎవరైనా ఇక ఒక్క ఫ్రేమ్ గెలిస్తే చాలన్న దశకి వచ్చినప్పుడు "తర్వాత మీరే, సిద్ధంగా ఉండండి" అని ఒకసారి. టేబుల్ ఖాళీ అయ్యాక అసలు పిలుపు. ఆ టైమ్ షీట్ మీద రాయండి.

ఆ తర్వాత గడియారమే మాట్లాడాలి. ప్రపంచ పూల్ సంఘం డబ్ల్యూపీఏ నిబంధనల్లో 15 నిమిషాల్లోగా టేబుల్ దగ్గరికి రాకపోతే మ్యాచ్ పోయినట్టే. క్లబ్ స్థాయిలో కాస్త మెత్తగా, 5 నిమిషాలు దాటితే ఒక ఫ్రేమ్, 10 దాటితే రెండు, 15కి వాకోవర్ అని పెట్టుకోవచ్చు. ఏది పెట్టుకున్నా హాల్లో అందరికన్నా పెద్ద ఆటగాడికి కూడా అదే వర్తించాలి. ఒక్కరికి ఇరవై నిమిషాలు ఆగారంటే మిగతా రోజంతా ఆ నిబంధన ఎవరూ వినరు.

ఒకే రోజు రెండు ఈవెంట్లు పెట్టినప్పుడు కూడా ఇదే తలనొప్పి. సింగిల్స్‌లో, డబుల్స్‌లో ఉన్న పేర్లని రెండు డ్రాల్లోనూ రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఏ ఈవెంట్‌కి ప్రాధాన్యమో ముందే ప్రకటించండి.

సమస్య: ఒకే మ్యాచ్ కదలకుండా కూర్చుంది

ఇద్దరూ సేఫ్టీలు (బంతి వేయడానికి కాకుండా ప్రత్యర్థికి కష్టమైన స్థితి మిగల్చడానికి కొట్టే షాట్లు) ఆడుకుంటూ ఉంటారు, లేదా ఒకరు ప్రతి షాట్‌కి టేబుల్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేస్తారు. ఈ రెంటినీ కలపకండి. మొదటిది ఆటలో భాగం. ఫ్రేమ్ ఎటూ తేలట్లేదని రెఫరీకి అనిపిస్తే ఇద్దరికీ ఇంకో మూడేసి టర్న్‌లు ఇచ్చి, అప్పటికీ కదలకపోతే ఆ ఫ్రేమ్ మళ్లీ మొదలుపెట్టించే నిబంధన ఉంది.

రెండోదానికి షాట్ క్లాక్, అంటే ఒక్కో షాట్‌కి టైమ్ పరిమితి. అన్ని టేబుళ్లకీ టైమ్‌కీపర్లని పెట్టడం కుదరదు, అవసరమూ లేదు. "గంట దాటేసరికి ఇన్ని ఫ్రేమ్‌లు అవ్వకపోతే క్లాక్ వస్తుంది" అని నిబంధన రాసుకోండి. షాట్‌కి 30 సెకన్లు, ఫ్రేమ్‌కి ఒక్కో ఆటగాడికి ఒక ఎక్స్‌టెన్షన్ (అదనపు టైమ్) అనేది అందరికీ అలవాటైన కొలత. నెమ్మది ఎవరిదైనా క్లాక్ ఇద్దరికీ పెట్టాలి, లేకపోతే పక్షపాతం అంటారు, ఆ మాట నిజమే అవుతుంది.

సమస్య: డ్రా తీసిన తర్వాత పేర్లు మారుతున్నాయి

డబ్బు కట్టకముందే పేరు డ్రాలో పెడితే ఇలాగే ఉంటుంది. ఫీజు కట్టి, హాజరు వేయించుకున్న పేర్లతోనే డ్రా తీయండి. గడువు దాటాక వచ్చినవాళ్లు వెయిటింగ్ లిస్టులో. మొదటి రౌండ్ పిలుపుకి ఎవరైనా రాకపోతే ఆ స్థానం వాళ్లకి.

22 మంది వస్తే 32 మంది డ్రాలో 10 బైలు (ప్రత్యర్థి లేక ఆడకుండానే తర్వాతి రౌండ్‌కి వెళ్లే స్థానాలు) పడతాయి, మొదటి రౌండ్‌లో నిజంగా ఆడేది ఆరు మ్యాచ్‌లే. ఆ పది బైలూ డ్రా అంతటా సమానంగా సర్దాలి. సీడ్‌లు (ఆట స్థాయిని బట్టి ముందే ఇచ్చిన ర్యాంకులు) ఉంటే పైవాళ్లకి ఇవ్వండి, లేకపోతే చీటీలు తీయండి. బైకి ఎదురుగా బై పడకూడదు. లూజర్స్ సైడ్‌లో కూడా ఒకే మనిషికి మళ్లీ బై రాకుండా చూసుకోండి. ఒకే క్లబ్ వాళ్లు మొదటి రౌండ్‌లోనే తలపడకుండా డ్రాలో వేర్వేరు భాగాల్లో వేయడం మంచి మర్యాద.

సమస్య: గ్రూపుల్లో సమానమైన పాయింట్లు, చివరి మ్యాచ్ మీద అనుమానాలు

గ్రూపులో ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఆడే పద్ధతి పెడితే, నలుగురి గ్రూపులో ఆరు మ్యాచ్‌లే కాబట్టి పాయింట్లు సమానమవ్వడం మామూలే. గెలిచిన మ్యాచ్‌లు, ఆ తర్వాత ఫ్రేమ్‌ల తేడా, ఆ తర్వాత ఇద్దరి మధ్య ఫలితం. ఈ వరుస ముందే గోడ మీద అంటించి ఉండాలి. మధ్యలో ఎవరైనా తప్పుకుంటే వాళ్ల ఫలితాలన్నీ కొట్టేస్తారో, మిగిలినవి వాకోవర్ ఇస్తారో కూడా అక్కడే రాయండి. ఒకే క్లబ్ వాళ్లు ఒకే గ్రూపులో పడితే వాళ్లిద్దరి మ్యాచ్ మొట్టమొదట ఆడించండి. అప్పటికి ఎవరికి ఎన్ని ఫ్రేమ్‌లు కావాలో ఎవరికీ తెలియదు. చివరి రెండు మ్యాచ్‌లు పక్కపక్క టేబుళ్ల మీద ఒకేసారి మొదలవ్వాలి.

సమస్య: ఆట మధ్యలో నిబంధనల గొడవ

ప్రతి హాలుకీ తన అలవాట్లు ఉంటాయి, ఆటగాళ్లు వాటినే నిబంధనలు అనుకుంటారు. 8-బాల్ అనే పూల్ ఆటలో బ్రేక్‌కే ఎనిమిదో నంబరు బంతి జేబులో పడితే గెలిచినట్టేనని చాలామంది నమ్మకం. డబ్ల్యూపీఏ నిబంధనల ప్రకారం అది గెలుపు కాదు. బంతిని తిరిగి పెట్టి ఆడొచ్చు, లేదా మళ్లీ బ్రేక్ చేయొచ్చు. వరుసగా మూడు ఫౌల్‌లకి ఫ్రేమ్ పోవడం 9-బాల్ అనే ఇంకో ఆటలో ఉంది, 8-బాల్‌లో లేదు. రెఫరీ లేని టేబుల్ మీద చొక్కా తగిలి ఏ బంతి కదిలినా ఫౌలా, లేక క్యూ బాల్ (క్యూతో కొట్టే తెల్ల బంతి) కదిలితేనే ఫౌలా? గెలిచినవాళ్లే బ్రేక్ చేస్తారా, మార్చి మార్చి చేస్తారా? ర్యాక్ (బ్రేక్‌కి ముందు బంతుల అమరిక) ఎవరు పెడతారు? బంతిని గాల్లోకి లేపే జంప్ క్యూ వాడొచ్చా? ఈ ప్రశ్నలకి జవాబులు ఒక్క పేజీలో రాసి ప్రతి టేబుల్ దగ్గరా పెట్టండి. వివాదం వస్తే ఆట ఆపి, బంతులు ముట్టుకోకుండా పిలవాల్సిన ఒక్క మనిషి పేరు ఆ పేజీ పైన ఉండాలి. ఆ మనిషి ఆ రోజు ఆడకూడదు.

సమస్య: హ్యాండిక్యాప్ మీద గొణుగుడు

నైపుణ్యం తక్కువ చూపించి ఎక్కువ ఫ్రేమ్‌ల లాభం తీసుకునేవాళ్లు ఉంటారు. నోటిమాట మీద గ్రేడ్ ఇవ్వకండి. ఫార్గో రేటింగ్ (ఆడిన మ్యాచ్‌ల ఫలితాల నుంచి లెక్కించే ఆటగాడి స్థాయి) ఉంటే అది వాడండి. అందులో 100 పాయింట్ల తేడా అంటే పైవాళ్లు రెండు ఫ్రేమ్‌లు గెలిస్తే కిందివాళ్లు ఒకటి గెలుస్తారని అంచనా. రికార్డు లేని కొత్త ఆటగాడికి కాస్త ఎక్కువ గ్రేడ్ ఇచ్చి, ఫలితాలు చూశాక దించండి. తర్వాత పెంచడం కన్నా తర్వాత దించడమే తేలిక.

సమస్య: ఫైనల్ ఓడిన ఆటగాడు "నేను ఓడింది ఒక్కసారే కదా" అంటున్నాడు

పూర్తి డబుల్ ఎలిమినేషన్ నడిపినప్పుడు ఈ మాటలో న్యాయం ఉంది. విన్నర్స్ సైడ్ నుంచి వచ్చిన ఆటగాడికి అది తొలి ఓటమి. ఫైనల్ రెండోసారి ఆడించాలంటే ఆ గంట ముందే షెడ్యూల్‌లో ఉండాలి. టైమ్ లేదనుకుంటే ఒక్కటే పెద్ద ఫైనల్, మిగతావి రేస్ టు 7 అయితే ఇది రేస్ టు 9 అని ఎంట్రీ ఫారం మీద రాయండి. రెండిట్లో ఏది ఎంచుకున్నా, లూజర్స్ ఫైనల్ నడుస్తున్నప్పుడు కాచుకుని ఉన్న ఆటగాడికి పక్కన ఒక టేబుల్ వదిలి, పదిహేను నిమిషాలు ప్రాక్టీస్ చేసుకోనివ్వండి.