మారుతి జిప్సీకి ఒక అంగుళం లిఫ్ట్ (ఎత్తు పెంచడం)

కోనసీమ కాలువ గట్ల మీద బంకమట్టి గాడిలో డిఫరెన్షియల్ (ఇరుసు మీది గేర్ల డబ్బా) గుద్దుకుంటోందా? లిఫ్ట్ చేసినా అది పైకి లేవదు, దానికి పెద్ద టైర్లే మార్గం. లిఫ్ట్‌తో లేచేవి ఛాసిస్, బాడీ.

పొడవు షాకిళ్లు (కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగ్, కొసని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకులు) చవక. కానీ 2 అంగుళాలు పెంచితే బండి లేచేది ఒక అంగుళమే. పైగా జిప్సీ ముందు షాకిల్ కమాన్ కట్టకి ముందు కొసన ఉంటుంది కాబట్టి క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే కీలు వెనక్కి వాలిన కోణం) తగ్గి, స్టీరింగ్ అటూ ఇటూ పోతుంది. అందుకే ఒక్కో కట్టకి ఓ పట్టీ కలపడం మేలు.

ఉప్పుగాలికి బోల్టులు పట్టేసుంటాయి, ముందురోజే తుప్పు వదిలే నూనె కొట్టండి. ఛాసిస్ కింద స్టాండ్లు, ఇరుసు కింద జాకీ పెట్టండి. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసి, బ్రేక్ హోస్ లాగబడకుండా చూస్తూ కట్ట మీద బరువు పోయేదాకా జాకీ దించండి, ఆ తర్వాతే ఇరుసుని కట్టకి పట్టే యూ-బోల్టులు తీయండి. కట్టని రెండు సి-క్లాంపులతో బిగించాకే పట్టీల్ని మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్ట్ విప్పాలి. లేకపోతే పట్టీలు ఎగిరి తగులుతాయి. కొత్త పట్టీ పొడవు వరసలో కూర్చోవాలి. సెంటర్ బోల్ట్ పొడవుది వేయండి, తల సైజు మాత్రం పాతదే. యూ-బోల్టులు కొత్తవే, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.

షాకిల్ బోల్టుల చివరి బిగింపు బండి నేల మీద నిలిచాకే. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది.

100 కిలోమీటర్లకి యూ-బోల్టులు మళ్లీ బిగించి, హెడ్‌లైట్లు కిందికి సరిచేయండి.